ఎక్కడ తిని చదివారు?

(విజయనగరంలో జరిగిన ఒక కళాశాల పూర్వ విద్యార్థుల సమావేశంలో, ప్రత్యేక సంచిక ఆవిష్కరణకు ముందు ఆ సంచిక సంపాదకులు చేసిన ప్రసంగం పాఠం.)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నాకు పాఠాలు చెప్పి ఈనాటికీ నన్ను పేరుపెట్టి పిలవగల ఇద్దరు గురువులకు, నా తోటివారికి, మా తరువాత చదివి మాకంటే పెద్ద పదవులు చేసిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వందనాలు. పూర్వ విద్యార్థులు సాధించిన ఘనకార్యాల మీద ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. ఆ ఘనకార్యాలన్నీ కాసేపట్లో మీ చేతికి వచ్చే సంచికలో అచ్చయి ఉన్నాయి కనుక వాటిని మళ్ళీ చదివి మీ భోజనం వేళ దాటించను. ఆ సంచికను కూర్చేటప్పుడు నాకు తట్టిన ఒక సంగతి మాత్రం మీ ముందు పెడతాను.

పోయిన ఏడాది పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం అయిన మరుసటి వారం మేము చిరునామాలు దొరికిన వారందరికీ ఒక కాగితం పంపించాము. పేరు, చదివిన సంవత్సరాలు, ఉత్తీర్ణులైన సంవత్సరం, చేసిన ఉద్యోగాలు, పొందిన బహుమతులు, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు అన్నవి అందులోని గడులు. సంక్రాంతి నాటికి కట్టలుగా తిరిగి వచ్చాయి. వాటిని వరసగా చదువుతూ పోతే మూడో రోజుకు నాకు ఒక రకమైన అలసట వచ్చింది. ఫలానా సంవత్సరం అసిస్టెంటు ఇంజనీరు, ఫలానా సంవత్సరం డిప్యూటీ, ఆ తరువాత ఎగ్జిక్యూటివ్, ఆ తరువాత పదవీ విరమణ. ఫలానా బ్యాంకులో ఆఫీసరు, మేనేజరు, చీఫ్ మేనేజరు. అన్నీ గౌరవనీయమైన జీవితాలే, అందులో సందేహం లేదు. అయితే పైన ఉన్న పేరు చెరిపేస్తే ఏ కాగితం ఎవరిదో పోల్చుకోవడం కష్టం. తప్పు వారిది కాదు, గడులు గీసిన నాది. ఏ గడి గీస్తే ఆ మనిషే కదా వచ్చి అందులో కూర్చుంటాడు.

ఆ కట్టల మధ్య ఒక కాగితం దొరికింది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మా సీనియరు ఒకరు ముందువైపు గడులన్నీ ఇంకుతో నింపి, వెనకవైపు పెన్సిలుతో చిన్న అక్షరాలలో ఇలా రాశారు. "రెండో సంవత్సరం మార్చి, ఏప్రిల్ నెలల మెస్సు డబ్బు అప్ప ఇప్పటికీ అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఇది వేయవద్దు." అప్ప అంటే అప్పట్లో మాకు మెస్సు నడిపిన ఆవిడ. వేయవద్దన్నారు కనుక సంచికలో వేయలేదు. ఇప్పుడు వారి అనుమతి తీసుకునే, పేరు చెప్పకుండా, మీకు చదివి వినిపించాను. ఆయన రెండు మూడు పెద్ద కాలువ పనులు చేయించిన మనిషి. ముందువైపున్న పదకొండు వరసలు చదివినప్పుడు కళ్ళకు కట్టని ఆయన, ఈ మూడు వాక్యాలు చదవగానే లుంగీ కట్టుకుని మెస్సు గుమ్మంలో తల వంచుకు నిలబడ్డ కుర్రవాడుగా నాకు కనిపించారు.

దాంతో నేను అందరికీ రెండోసారి ఉత్తరం రాశాను. అందులో ఒకటే ప్రశ్న: మీరు ఎక్కడ ఉండి, ఎవరి అన్నం తిని చదివారు? మొదటి కాగితానికి నాలుగు మాటలు రాసినవారు దీనికి నాలుగేసి పేజీలు రాశారు. పూర్వ విద్యార్థి సాధించిన దాన్ని లెక్కకట్టేటప్పుడు ఆ చదువు సాగినన్నాళ్ళు అతని కంచంలోకి అన్నం ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాయకపోతే, ఆ లెక్క జమ ఉండి ఖర్చు లేని చిట్టా అవుతుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి సాక్ష్యం.

సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. ఈ ఊళ్ళో 1857లో చిన్న బడిగా మొదలై 1879లో కళాశాల అయిన మహారాజావారి విద్యాలయం ఉంది. అప్పటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదు, అది 1926లో వచ్చింది. పరీక్షలన్నీ మదరాసు విశ్వవిద్యాలయానివే. ఆ కళాశాల పూర్వ విద్యార్థులలో మొట్టమొదట అందరి నోటా వచ్చే పేరు గురజాడ అప్పారావు గారిది. ఆయన 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్మీడియట్ లాంటిది, 1886లో బి.ఏ. పూర్తిచేశారు. 1884లోనే అక్కడి హైస్కూలులో ఇరవై అయిదు రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరారు. 1887లో నూరు రూపాయల జీతంతో కళాశాలలో లెక్చరరు అయ్యారు. కన్యాశుల్కం నాటకం 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఇవన్నీ మన కాగితంలోని గడులలో చక్కగా ఇమిడిపోతాయి. ఇమడనిది ఒకటి ఉంది. అప్పారావు గారు విద్యార్థిగా ఉన్నప్పుడు కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆయనను చేరదీసి, పైసా తీసుకోకుండా ఉండటానికి చోటిచ్చి, భోజనం పెట్టారు. తన బడిలో చదివే పిల్లవాడు తన పంక్తినే కూర్చుని తినడానికి ఒప్పుకున్న ఆ ప్రిన్సిపాలు గారి పేరు ఈనాడు ఎందరికి గుర్తుంది? ఇదే వేదిక మీద మేము ఏటా గురజాడ జయంతి చేస్తాము. నాకు తెలిసినంతలో అక్కడ ఆ పేరు వినిపించడం అరుదు.

అప్పారావు గారి సహాధ్యాయి గిడుగు వేంకట రామమూర్తి గారి సంగతి ఇంకా విచిత్రం. శ్రీకాకుళానికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. పన్నెండేళ్ళ వయసులో, 1875లో, తండ్రి చోడవరంలో విషజ్వరంతో పోయారు. బంధువుల అండతో చదువు సాగించి 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేసి, ఆ మరుసటి ఏడాది ముప్పై రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి బడిలో చేరారు. పట్టా లేని రామమూర్తి గారికి ముప్పై, ఎఫ్.ఏ. చదివిన అప్పారావు గారికి ఇరవై అయిదు! ఉద్యోగాల మార్కెట్టు ఆనాడూ ఇలాగే ఉండేది కాబోలు. రామమూర్తి గారు తరువాత ప్రైవేటుగానే చదువుకుని బి.ఏ. పట్టా కూడా తెచ్చుకున్నారు.

అయితే ఆయన చేసిన అసలు పని ఏ పరీక్షలోనూ లేదు. పర్లాకిమిడి చుట్టుపట్ల కొండల్లోని సవరలనే గిరిజనుల మాట ఆయనను పట్టుకుంది. ఆ భాషకు లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పేవారు లేరు. తెలుగు వచ్చిన ఒక సవరను దగ్గర పెట్టుకుని, ఒక్కొక్క మాట విని, రాసుకుని, సరిచూసుకుని సంవత్సరాల తరబడి నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, సవర పిల్లలను ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, చదువు చెప్పారు. మదరాసు ప్రభుత్వం ఆ కృషికి మెచ్చి వేయి రూపాయలు ఇవ్వబోతే, నాకు వద్దు, ఆ డబ్బుతో సవరలకు ఒక బడి పెట్టండి అన్నారు. ఆనాడు ముప్పై రూపాయల జీతంతో జీవితం మొదలుపెట్టిన బడిపంతులుకు వేయి రూపాయలంటే ఏపాటిదో మీరే గుణించుకోండి. తండ్రి లేని పిల్లవాడిగా ఇంకొకరి నీడన చదివిన మనిషి తన నీడన ఇంకొకరిని చదివించడంలో నాకు ఒక వరస కనిపిస్తుంది. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవం అంటున్నాము. సవర పిల్లలకు అన్నం వడ్డించిన ఆ ఇంటి ఇల్లాలి గురించి ఒక్క వాక్యం ఎక్కడైనా రాశామా?

ఇక సంగీత కళాశాల. దాని పుట్టుకే ఒక విద్యార్థి కోసం జరిగింది. మహారాజా విజయరామ గజపతిరాజు గారు 1919లో, తమ ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి చూపులేని కుమారుడికి సంగీతం మీద ఉన్న ఆసక్తి చూసి, దానిని స్థాపించారు. తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. ద్వారం వేంకటస్వామి నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చారనీ, ఆయన వాయులీనం విన్న పెద్దలు నీవు చదవడమేమిటి, పాఠం చెప్పు అని ఆచార్యుడిగా నియమించారనీ మా ఊళ్ళో ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ విధంగా ఆయన పూర్వ విద్యార్థుల జాబితాకు ఎక్కే అవకాశమే పోయింది! 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు.

ఆయన ప్రధానాచార్యులుగా ఉన్న కాలంలోనే కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రవాడు ఇక్కడికి వచ్చాడు. చేతి ఉంగరం అమ్ముకుని వచ్చాడు. నలభై రూపాయల ఉంగరానికి ఎనిమిది రూపాయలు దొరికాయి. తీరా వచ్చేసరికి కళాశాలకు వేసవి సెలవులు. నాయుడు గారు దయతలచి ఆవరణలో పడుకోవడానికి ఒప్పుకున్నారు. సాలూరు చినగురువు గారని పిలుచుకునే పట్రాయని సీతారామశాస్త్రి గారు డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పడానికి ఒప్పుకున్నారు. కానీ శాస్త్రి గారిది పేద సంసారం. పాఠం పెట్టగలరు, అన్నం పెట్టలేరు. ఆకలితో ఉన్న ఆ కుర్రవాడికి ఒక సాధువు భుజానికి జోలె కట్టి మధుకరం ఎత్తడం నేర్పాడు. వీధి వీధీ తిరిగి రెండు పూటలకు సరిపడా అన్నం తెచ్చుకుని, పొద్దున తిన్నంత తిని, రాత్రికి మిగిలినది గుడ్డలో మూటకట్టి పెట్టుకుంటే దానికి చీమలు పట్టేవి. గిన్నె కొందామంటే డబ్బు లేదు. మేనమామకు ఉత్తరం రాస్తే ఆయన పంపిన డబ్బుతో ఒక డబ్బా కొనుక్కున్నాడు. ఆ కుర్రవాడు ఘంటసాల వేంకటేశ్వరరావు గారు. నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించారు. 1970లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు మీరు ఆయన చేత మన కాగితం నింపించండి. పద్మశ్రీ ఒక గడిలో పడుతుంది. ఆ డబ్బా ఏ గడిలో పడుతుంది? ఆ మధుకరంలో గరిటెడు అన్నం వేసిన ఇల్లాళ్ళలో ఒక్కరికైనా తాము వేసింది ఏ గొంతులోకి పోతున్నదో తెలిసి ఉంటుందా? తెలిసి వేసినది కాదు కనుకనే దానిని చెప్పుకోవాలని నా ఉద్దేశం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వారాలు చేసుకుని చదవడం, అంటే సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట చొప్పున ఏడు రోజులకు ఏడిళ్ళు కుదుర్చుకుని భోంచేయడం గొప్ప సంప్రదాయమని మనం మురిసిపోతుంటాము. గొప్పదే. కానీ ఆ ఏడు గుమ్మాలూ అందరికీ తెరుచుకోలేదు. కులం చూసి తెరుచుకున్నాయి. నా రెండో ఉత్తరానికి వచ్చిన జవాబులలో పాలకొండ వైపు నుంచి వచ్చి చదివిన ఒక మిత్రుడు, ఇప్పుడు పేరున్న వైద్యుడు, ఇలా రాశారు. "మీరందరూ వారాల ఇళ్ళ గురించి రాస్తారని నాకు తెలుసు. నాకు ప్రభుత్వ హాస్టలు బియ్యమే తల్లీ తండ్రీ. ఆ బియ్యంలో రాళ్ళుండేవి. అయినా ఎవరి గుమ్మంలోనూ నిలబడనక్కరలేని అన్నం అది." ఆయన జవాబును యథాతథంగా అచ్చు వేశాము. వారాల అన్నం మీద నా గౌరవం తగ్గలేదు గానీ, సాంఘిక సంక్షేమ హాస్టలు మీద నా గౌరవం ఆ ఉత్తరంతో రెట్టింపయింది. వంట బాగోలేదని, పప్పు నీళ్ళగా ఉందని ఎన్ని మాటలు అన్నా, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో మొదటి తరం డాక్టర్లనూ మాస్టర్లనూ నిలబెట్టినది ఎక్కువగా ఆ పప్పే.

ఆడపిల్లల సంగతి మరీ వేరు. వారికి వారాలూ లేవు, మధుకరమూ లేదు. ఉన్న ఊళ్ళో కళాశాల ఉంటేనే చదువు. పి. సుశీల గారు 1935లో ఈ ఊళ్ళోనే ఒక న్యాయవాది ఇంట పుట్టి, ఇంటి దగ్గర తింటూ సంగీత కళాశాలలో చదువుకోగలిగారు. జాతీయ స్థాయిలో ఉత్తమ గాయని పురస్కారం పొందిన మొదటి మహిళ ఆమే. 17,695 పాటలు పాడినట్టు 2016లో గిన్నిస్ వారు నమోదు చేశారు. 2008లో పద్మభూషణ్ వచ్చింది. ఆ సంవత్సరమే ఆమె పేరిట ఏర్పడిన ట్రస్టు, చేతిలో పని లేని సంగీత కళాకారులకు నెల నెలా పింఛను ఇస్తూ వస్తున్నది. ఆ పురస్కారాల వరసకంటే ఈ పింఛను సంగతే నన్ను ఎక్కువసేపు ఆపింది. ఆమె గొంతు ఎంత గొప్పదో, ఆమె ఇల్లు కళాశాలకు దగ్గరగా ఉండటం కూడా అంత పెద్ద విషయం. ముప్పై మైళ్ళ అవతల ఏ పల్లెలోనో పుట్టి ఉంటే ఆ గొంతు ఏమయ్యేదో ఊహించుకోవడానికి మనసొప్పదు. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రం పెట్టి, 2008లో దానిని అంబేద్కర్ విశ్వవిద్యాలయం చేయడం వల్ల కలిగిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. శ్రీకాకుళం పల్లెల ఆడపిల్లలకు బస్సులో వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరంలో ఎమ్మే దొరికింది.

కాగితంలోని ఇంకో గడి గురించి కూడా చెప్పి ముందుకు పోతాను. ఉత్తీర్ణులైన సంవత్సరం అని ఒకటి పెట్టాము కదా. ఆరుద్ర గారు మహారాజా కళాశాలలో చదువుతూ 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో చదువు మానేశారు. మరుసటి ఏడాది వైమానిక దళంలో బ్యాండు వాయించే కుర్రవాడిగా చేరారు. తెలుగు సాహిత్య చరిత్ర అంతటినీ సంపుటాలుగా రాసిన ఆ మనిషి మన కాగితం ప్రకారం పూర్వ విద్యార్థి కారు. ఆ గడిని ఈసారికి కొట్టివేయించాను. మధ్యలో మానేసిన మా బ్యాచి వారు అయిదుగురు ఇవాళ మొదటిసారి ఈ సమావేశానికి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ముందుకు రమ్మంటే రావడం లేదు.

నా సంగతి. మాది చీపురుపల్లి దాటాక రైలు కట్టకు అటువైపున్న పల్లె. చోడి అంబలి తాగి పొలానికి పోయే ఇల్లు. నేను చేరిన ఏడాది హాస్టలులో చోటు దొరకలేదు. మూడు లాంతర్లకు కాస్త ఇవతల ఒక సందులో, పెంకుటింటి వసారాలో నడిచే మెస్సులో చేరాను. నడిపేది ఒక్క ఆడమనిషి. అందరూ ఆమెను అప్ప అనే పిలిచేవారు, మా మేష్టర్లు కూడా. రెండు పొయ్యిలు, ఒక పొడుగాటి బల్ల, గోడకు మేకు, మేకుకు దారంతో కట్టిన ఖాతా పుస్తకం. అప్పకు చదువు రాదు. కనుక ఎవరి ఖాతా వారే రాసుకోవాలి. తిన్న పూటకు ఒక నిలువు గీత, అయిదోది అడ్డంగా. ఆమె వచ్చి చూసేది కాదు. నెలాఖరున గీతలు లెక్కపెట్టి మేమే పైకి చదివి, మేమే డబ్బు ఇచ్చేవాళ్ళం. నాకు తరువాత ముప్పై ఏళ్ళు ఆడిట్ శాఖలో ఉద్యోగం. ఎన్నో ఖాతాలు తనిఖీ చేశాను, ఎన్నో దొంగ లెక్కలు పట్టుకున్నాను. ఆ పుస్తకంలో గీత తగ్గించి రాసిన రోజులు మూడు ఉన్నాయి. అవి నావి.

చివరి సంవత్సరం పరీక్ష ఫీజు గడువుకు ఇంటి నుంచి డబ్బు రాలేదు. ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా గారు అపరాధ రుసుముతో కలిపి కట్టమన్నారు. నేను వచ్చి బల్ల చివర కూర్చుని తినకుండా లేచిపోతుంటే అప్ప ఆపి అడిగింది. చెప్పాను. "కూకో నాయనా, ముందు తిను" అంది. తిన్నాక లోపలికి వెళ్ళి పోపుల డబ్బాలోంచి మడతలు పడ్డ నోట్లు తెచ్చి ఇచ్చింది. ఆ నోట్లకు జీలకర్ర వాసన. వాటిని కిటికీలో ఇస్తే గుమాస్తా గారు వాసన చూసి నవ్వారు. ఆ డబ్బు మొదటి జీతంతో తిరిగి ఇచ్చాను. మూడు గీతల డబ్బు ఇవ్వలేదు, ఎందుకంటే ఇవ్వాలంటే ముందు ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి ధైర్యం చాలేసరికి వసారా లేదు, మెస్సు లేదు. ఇప్పుడు ఆ స్థలంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది.

ఇక ఆచరణ మాట. ఈసారి చందాలలో మిగిలినది గేటు దగ్గర తోరణం కట్టడానికి వాడదామని కొందరి ప్రతిపాదన. నేను కార్యవర్గంలో వ్యతిరేకించాను. ఇక్కడా వ్యతిరేకిస్తున్నాను. హాస్టలులో చోటు దొరకక బయట గదులు తీసుకుని, ఒక పూట టిఫినుతో సరిపెట్టుకుని చదివే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. మధ్యాహ్నం రెండింటి క్లాసులో ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు నీరసంతో తల వాల్చారో పాఠం చెప్పే మేష్టరుకు తెలుసు. కళాశాలకు దగ్గరలోని రెండు మెస్సుల వారితో మాట్లాడాము. పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద వేయకుండా, మేష్టర్లు చెప్పిన వారికి భోజనం పెట్టి, నెలాఖరున లెక్క మాకు పంపడానికి ఒప్పుకున్నారు. ఫొటోలు తీయకూడదు, దాతల పేర్లతో ఫ్లెక్సీలు కట్టకూడదు అన్నవి రెండు షరతులు. మూడో షరతు నాది. ఎవరి ఖాతా వారే గీసుకోవాలి, ఎవరూ తనిఖీ చేయకూడదు. ఆడిట్ వాడివి, నువ్వేమిటి ఇలా అంటావని కోశాధికారి గారు నా మీద కోప్పడ్డారు. వారి కోపం న్యాయమే. అయినా ఆ షరతు అలాగే ఉంచండి.

వచ్చే ఏటి కాగితంలో ఉత్తీర్ణులైన సంవత్సరం గడి ఉండదు. దాని స్థానంలో 'ఎక్కడ తిని చదివారు' అన్న గడి ఉంటుంది. నమూనా కోసం నా కాగితం నేనే నింపాను. చదివి కూర్చుంటాను.

"ఎక్కడ తిని చదివారు: మూడు లాంతర్ల దగ్గరి సందులో, అప్ప మెస్సు. బాకీ: మూడు పూటలు."